గిడుగు రామమూర్తి పంతులుగారు

నేడు గ్రామ గ్రంథాలయంలో కథల పుస్తకం చేతబట్టిన బాలుడు మొదటి పుటలోనే కథలో ప్రవేశించగలుగుతున్నాడు. చదివిన కథను గూర్చి నాలుగు వాక్యాలు వ్రాయమంటే తన మాటలలో వ్రాయగలుగుతున్నాడు. ఒకప్పుడు తెలుగు విద్యార్థికి ఈ సౌకర్యం లేదు. దీనిని సంపాదించి పెట్టడానికి తమ ఆయుర్దాయంలో మూడవ వంతుకు పైగా ధారపోసిన మహనీయులు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వారు మన శ్రీకాకుళం సీమవారే కావడం మనకు గర్వకారణం.

పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగానికి చేరువనున్న పర్వతాలపేటలో జన్మించారు. బాల్యంలోనే తండ్రి వీర్రాజుగారు గతించగా, విజయనగరంలో మేనమామగారింట ఉండి మహారాజావారి పాఠశాలలో చదువుకున్నారు. గురజాడ అప్పారావుగారు అక్కడ వారి సహాధ్యాయి. 1880లో నెలకు 30 రూపాయల జీతంపై పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే చదివి 1896లో బి.ఏ. పట్టం పొందారు. ముఖలింగ దేవాలయ శాసనాలను స్వయంగా చదివి పరిశోధించారు. 1911లో విశ్రాంతి తీసుకునేవరకు పర్లాకిమిడిలోనే విద్య గరపారు.

పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలు నివసిస్తారు. వారి పిల్లలకు చదువు చెప్పాలన్న సంకల్పం పంతులుగారికి కలిగింది. తెలియని భాషలో చెప్పిన చదువు వంటబట్టదని గ్రహించి, ముందుగా తామే సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు, కథలు, పాటలు సిద్ధపరచారు. ప్రభుత్వం ఇవ్వజూపిన పారితోషికాన్ని స్వీకరించక, ఆ సొమ్ముతో సవర పిల్లలకు బడి పెట్టించమని కోరారు. మన్యంలో తిరిగినందువల్ల చలిజ్వరం పట్టుకొన్నది. దానికి వాడిన కొయినా వలన చెముడు వచ్చి జీవితాంతం నిలిచిపోయింది. వినికిడి పోయినా పూనిక సడలలేదు. వారి సవర వ్యాకరణం 1931లోను, సవర నిఘంటువు 1938లోను వెలువడ్డాయి.

సవర బాలునికి స్వభాషలో చదువు కావలసివచ్చినప్పుడు తెలుగు బాలుడు చేసిన పాపమేమి? ఆనాటి బడులలో వచనమంటే ప్రధానంగా పరవస్తు చిన్నయసూరిగారి నీతిచంద్రిక. 1853లో వెలువడిన ఆ గ్రంథంలోని కథలు మనోహరమైనవి. సింహానికీ ఎద్దుకూ కుదిరిన చెలిమిని నక్క చెరచిన వైనం ఇంటివద్ద చెప్పమంటే ఏ పిల్లవాడైనా రక్తి కట్టించి చెప్పగలడు. నక్క బుద్ధి ఎటువంటిదో, సింహం ఎక్కడ మోసపోయిందో తెలుపగలడు. కాని కాగితం మీద వ్రాయవలసివచ్చేసరికి అరసున్న ఎక్కడ పెట్టాలి, బండిర ఎక్కడ వేయాలి, ద్రుతానికి ఏ సంధి చేయాలి అన్న దిగులే మిగిలేది. కథ తెలిసినవాడు కూడా భాష తప్పినందుకు తెలివితక్కువవానిగా లెక్కకు వచ్చేవాడు. తన ఆలోచన పోగొట్టుకొని పుస్తకంలోని వాక్యాలను వల్లించి అప్పగించడమే వానికి క్షేమమార్గమైంది.

1907 ప్రాంతంలో ఉత్తర సర్కారుల పాఠశాలల పరీక్షాధికారి యేట్సు దొర, జనుల నోట విన్న తెలుగుకూ పుస్తకాలలోని తెలుగుకూ ఇంత భేదమెందుకని ఆశ్చర్యపడ్డారు. ఆ ప్రశ్న పంతులుగారిని దీర్ఘపరిశోధనకు పురికొల్పింది. విశాఖపట్నం కళాశాలాధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడవారు వారికి తోడైనారు. 1910లో గురజాడవారు దిద్దుబాటు కథను ప్రకటించి, వాడుక భాషలో కథ ఎంత సొంపుగా సాగుతుందో నిరూపించారు. 1913లో పంతులుగారు ఆధునికాంధ్రాన్ని గూర్చి ఇంగ్లీషులో విజ్ఞాపన గ్రంథం ప్రకటించారు. విద్యార్థుల వ్యాసరచన ఏ భాషలో ఉండాలన్న వివాదం మద్రాసు విశ్వవిద్యాలయానికి ఎక్కింది. 1914లో గురజాడవారు తమ అసమ్మతి పత్రాన్ని సమర్పించినా, నిర్ణయం గ్రాంథికం పక్షానే వెలువడింది. 1915 నవంబరు 30వ తేదీన గురజాడవారు అస్తమించారు. భారమంతా పంతులుగారిపై పడింది.

వారు ప్రాచీన కావ్యాలకు విరోధులని కొందరు అపోహపడ్డారు. అది నిజం కాదు. పూర్వ కావ్యాలను శ్రద్ధగా చదవాలి, అర్థం చేసుకోవాలి. కాని వ్రాయునది నేటి శిష్టులు మాట్లాడు భాషలో వ్రాయాలి అన్నదే వారి సిద్ధాంతం. పూర్వకవుల ప్రయోగాలను బాలకవి శరణ్యంలో చూపారు. గ్రాంథికం తప్పనిసరి అన్న పండితుల రచనలలోనే వ్యాకరణ దోషాలను ఏరి చూపి, పండితులకే పట్టుబడని భాషను పసివారిపై మోపడం న్యాయమా అని నిలదీశారు. 1919లో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడగా కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులైనారు. ఆ ఏడే రామమూర్తి పంతులుగారు తెలుగు అనే పత్రికను నడిపారు. వినికిడి లేకున్నా ఊరూరా తిరిగి సభలలో వాదించారు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, అర్ధశతాబ్ది పైగా నివసించిన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకున్నారు. 1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకులతో మాట్లాడుతూ, విశ్వవిద్యాలయాలు ఇంకను వాడుక భాషను ఆదరించలేదని విచారపడ్డారు. వారం దినాలకే, జనవరి 22వ తేదీన పరమపదించారు. కోరిన మార్పు కళాశాలలలో నిలద్రొక్కుకోవడం వారు కన్నులారా చూడలేదు. పిమ్మట కొన్ని దశాబ్దాలకు అది నెరవేరింది. ఇప్పుడు వారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము.

ఆ మహనీయునికి పూలమాల ఒక్కటే చాలదు. గ్రంథాలయం నుండి పిల్లవాడు కథల పుస్తకం తీసుకుపోయి తిరిగి తెచ్చినప్పుడు, ఆ కథలో ఎవరు న్యాయం చేశారు, ఎవరు చేయలేదు, నీకేమి తోచింది అని అడిగి, వాడు చెప్పిన మాటనే కాగితం మీద పెట్టించగలిగితే పంతులుగారి ఋణం కొంతైనా తీరుతుంది.