చింతగింజల జిగురుతో బొమ్మలు వేసిన జామినీ రాయ్

మన పని కళా, ఉత్త చేతిపనా? మగ్గం ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. ఈ ప్రశ్నను నెత్తిన పెట్టుకుని బతికిన బెంగాల్ చిత్రకారుడు జామినీ రాయ్. అందుకే ఈ సంచికలో ఆయన్ను తలుచుకుంటున్నాం.

ఆయన 1887లో బాంకురా జిల్లా బేలియాతోడ్ అనే పల్లెలో పుట్టారు. 16వ ఏట కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాలలో చేరి, ఐరోపా పద్ధతిలో తైలవర్ణాలు నేర్చుకున్నారు. అడిగినవాళ్లకు వాళ్ల రూపాలు గీసి పేరు తెచ్చుకున్నారు. కానీ ఆ విద్య అరువు సొత్తులా తోచింది. 1920ల్లో చేతిలో ఉన్న గిరాకీని వదిలేశారు. ఇల్లు గడవడమే కష్టమైంది, అయినా వెనక్కి తగ్గలేదు.

మొదట కాళీఘాట్ గుడి దగ్గర యాత్రికులకు అమ్మే పటాల వైపు చూశారు. వాటికి పట్నం వాసన తగిలిందనిపించి, సొంత జిల్లా పల్లెల్లోని పటువాల దగ్గరికి వెళ్లారు. మన పటం కథల వాళ్లలాగే వాళ్లూ బొమ్మల చుట్ట విప్పి కథ పాడేవాళ్లు. అక్కడినుంచి ఆయన గీత మారిపోయింది. నీడలు పోయాయి, లావుపాటి గీతలు, బాదంకాయల్లాంటి కళ్లు వచ్చాయి. సంతాల్ ఆడవాళ్లు, తల్లీబిడ్డా, కృష్ణుడు, రామాయణం, ఏసుక్రీస్తు, అందరూ ఆ గీతలోనే ఒదిగారు.

సరుకులూ మారాయి. సీమ రంగులు మాని దీపపు మసి, సుద్ద, ఎర్రమట్టి, నీలిమందు వాడారు. రంగు పట్టడానికి చింతగింజల జిగురు కలిపారు. కొన్న కాన్వాసుకు బదులు నేతగుడ్డ, చాప, చెక్కపలక తీసుకున్నారు. నూలుకు గంజి పెట్టే మనకు ఇందులో వింతేమీ కనపడదు.

ఆయన ఇల్లు ఒక పనిశాల. కొడుకూ పనిలో చెయ్యి వేసేవారు. నచ్చిన బొమ్మను మళ్లీ మళ్లీ వేసి, మామూలు సంసారులు కొనగలిగే ధరకే ఇచ్చేవారు. ఒకే బొమ్మ ఇన్నిసార్లా, ఇది కళేనా అని విమర్శకులు తప్పుపట్టారు. ఒక చీర వెనక ఆసు పోసిన చెయ్యి, కండెలు చుట్టిన చెయ్యి, నేసిన చెయ్యి ఉంటాయని తెలిసిన మనం ఆ మాట ఒప్పుకోలేం. అయితే ఒక్క తేడా ఉంది. ఆ పనిశాల బొమ్మ కింద ఆయన పేరు ఉండేది. మన చీర మీద ఎవరి పేరూ ఉండదు.

1954లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. 1972లో కన్నుమూశారు. తర్వాత ప్రభుత్వం ఆయన చిత్రాలను జాతి సంపదగా ప్రకటించి, దేశం దాటి పోకుండా కట్టడి చేసింది. ఒకప్పుడు తక్కువ ధరకు మామూలు ఇళ్లకు చేరిన బొమ్మలే అవి. మన పిల్లలకు ఈ సంగతి చెప్పండి.