కావేరిని వేసవికి దాచిన ఇంజినీరు

బొగ్గు వాడకం తగ్గిద్దామన్న ప్రతిసారీ ఒకే ప్రశ్న ఎదురవుతుంది: ఎండ లేనప్పుడు, గాలి వీయనప్పుడు కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? నూరేళ్ల క్రితం మైసూరు సంస్థానం ఇలాంటి చిక్కునే నీటి విషయంలో ఎదుర్కొంది. దాన్ని విప్పినవాడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

1861లో బెంగళూరుకు దగ్గర్లోని ముద్దెనహళ్లిలో ఓ తెలుగు కుటుంబంలో పుట్టారు. ఇంటిపేరు ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని పూర్వీకుల ఊరిది. చిన్నతనంలోనే తండ్రి పోయారు. పుణెలో ఇంజినీరింగ్ చదివి, బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు. ఖడక్‌వాస్లా జలాశయంలో గోడ ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీరు నిలిపేలా తనంతట తెరుచుకునే గేట్లు రూపొందించారు. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌కు జలాశయాలు కట్టాలని సూచించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే.

1909లో మైసూరు చీఫ్ ఇంజినీరయ్యారు. అప్పటికే శివనసముద్రం జలవిద్యుత్ 1902 నుంచి సుమారు 147 కిలోమీటర్ల దూరంలోని కోలార్ బంగారు గనులకు అందుతోంది. గనుల్లో ఆవిరి యంత్రాల స్థానంలోకి కరెంటు వచ్చింది. అయితే వేసవిలో కావేరి సన్నబడేది, కరెంటు తగ్గేది. లోతైన గనిలో పంపులు ఆగితే నీరు నిండిపోతుంది. కాబట్టి కొత్త టర్బయిన్లు పెట్టినంత మాత్రాన సరిపోదు, వానాకాలపు నీటిని వేసవికి దాచాలి. విశ్వేశ్వరయ్య ప్రతిపాదించిన కృష్ణరాజసాగర్‌కు మొదటి కారణం ఇదే. మండ్య పొలాలకు సాగునీరు రెండో ప్రయోజనం.

1911లో పని మొదలైంది. దిగువన ఉన్న మద్రాసు అభ్యంతరం చెప్పింది. తక్కువ ఎత్తుకే అనుమతి దక్కినా, పునాది మాత్రం పెద్ద ఆనకట్టకు తగ్గట్టే వేశారు. తగాదా మధ్యవర్తిత్వం దాకా వెళ్లి, 1924 ఒప్పందంతో గానీ ఒక కొలిక్కి రాలేదు. కన్నంబాడి వంటి ఊళ్లు మునిగిపోయాయి. వేసవి కరెంటు భరోసాకు ఆ ఊళ్ల రైతులు చెల్లించిన మూల్యమది.

1912లో దివాన్ అయిన విశ్వేశ్వరయ్య 1918లో పదవి వదిలారు. ఆనకట్ట పూర్తిగా సిద్ధమయ్యేసరికి 1930లు వచ్చాయి. 1955లో భారతరత్న అందుకుని, 1962లో నూరేళ్లు దాటాక కన్నుమూశారు.

కర్బన ఉద్గారాలు ఆయన లెక్కలో లేవు. గని ఆగకూడదన్నదే లెక్క. నేడు సౌర, పవన విద్యుత్తుకు తోడుగా పంప్డ్ స్టోరేజీ కడుతున్నవారి ముందున్నదీ అదే పాఠం: ఉత్పత్తి ఎంతన్నది సగం లెక్కే, అవసరమైన వేళకు ఎంత దాచామన్నది మిగతా సగం. ఆ దాచే చోటు ఎవరి ఊరన్నది కూడా ఆ లెక్కలోదే.