ఒట్టో లోవీ

మనము మెట్లెక్కినప్పుడు గుండె వడివడిగా కొట్టుకొనును, నిద్రించునపుడు నెమ్మదించును. ఇందుకు తగిన ఆజ్ఞలు నరములద్వారా గుండెకు చేరుచుండును. నరములో వార్త విద్యుద్రూపమున సాగునని పందొమ్మిదవ శతాబ్దపు శాస్త్రజ్ఞులు గ్రహించిరి. కాని నరము కొసకు వచ్చిన పిదప ఆ వార్త గుండె కండరమునకు ఎట్లు అందును? విద్యుత్తే నేరుగా కండరమును తాకునని పెక్కుమంది తలచిరి. అట్లు కాదని నిరూపించిన మహనీయుడు ఒట్టో లోవీ.

లోవీ 1873 జూన్ 3వ తేదీన జర్మనీ దేశమందలి ఫ్రాంక్‌ఫర్టు నగరమున ఒక యూదు కుటుంబములో జన్మించెను. తండ్రి ద్రాక్షసారాయ వర్తకుడు. బాలునకు ప్రాచీన భాషలయందు ప్రీతి మెండు. గణితము, భౌతికశాస్త్రము అంతగా రుచించెడివి కావు. కళల చరిత్ర చదువవలెనని అతని కోరిక. తల్లిదండ్రులు వైద్యము చదువుమనిరి. వారి మాట త్రోసివేయలేక 1891లో స్ట్రాస్‌బర్గు విశ్వవిద్యాలయమున చేరెను గాని, వైద్యపాఠములు మాని కళలు, తత్త్వశాస్త్రముల ఉపన్యాసములకు పోయి కూర్చుండెడివాడు. మొదటి వైద్యపరీక్షలో బొటాబొటిగా గట్టెక్కెను. పిమ్మట చదువుమీద మనసు కుదిరెను. శరీరమునుండి వేరుచేసిన కప్పగుండెపై కొన్ని విషములు ఎట్లు పనిచేయునో పరిశోధించి, 1896లో డాక్టరు పట్టమును పొందెను. ఆ కప్పగుండెయే తన పేరును లోకమున నిలుపునని అప్పుడాయన ఎరుగడు.

తరువాత కొంతకాలము ఫ్రాంక్‌ఫర్టు ఆస్పత్రిలో పనిచేసెను. క్షయ, న్యుమోనియా రోగులు ఆయన కన్నులయెదుటనే మరణించుచుండిరి; వారికి ఇయ్యదగిన మందు ఆనాడు లేదు. అది చూచి సహింపలేక చికిత్సావృత్తిని విడిచి, మందుల పనితీరును పరిశోధించు ఔషధశాస్త్రమువైపు మరలెను. 1909లో ఆస్ట్రియాలోని గ్రాట్జు విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను.

నరముల కొసలనుండి ఏదో రసాయనము వెలువడి వార్తను మోయుచున్నదేమోయను ఊహ 1903లోనే లోవీకి తోచెను. నిరూపించు మార్గము కానరాక దానిని మరచెను. సుమారు పదునేడేండ్లు గడచెను. ఈస్టరు పండుగ నాళ్లలో ఒక రాత్రి ఆయనకు నిద్రలో ఒక ప్రయోగము గోచరించెను. లేచి దీపము వెలిగించి, ఒక కాగితపు ముక్కపై నాలుగు మాటలు గీకి మరల నిద్రపోయెను. తెల్లవారి చూచుకొనగా తన వ్రాత తనకే తెలియలేదు! ఆ దినమంతయు ఎంత తలపోసినను జ్ఞప్తికి రాలేదు. మరునాటి రాత్రి మూడుగంటలకు అదే ఊహ తిరిగి వచ్చెను. ఈమారు కాగితమును నమ్ముకొనక, లేచి తిన్నగా ప్రయోగశాలకు పోయెను.

తగిన ఉప్పునీటితో నింపి ఉంచినచో కప్పగుండె శరీరమునుండి వేరైనను చాలసేపు కొట్టుకొనును. లోవీ అట్టి గుండెలను రెండింటిని సిద్ధపరచెను. మొదటిదానికి వేగస్ అను నరమును ఉండనిచ్చి, రెండవదానికి నరములను తొలగించెను. పేరు వినుటకు వేగమును తలపించునుగాని, గుండెను నెమ్మదింపజేయుటయే వేగస్ నరము పని. దానిని విద్యుత్తుతో ప్రేరేపింపగా మొదటి గుండె నెమ్మదించెను. అపుడు ఆ గుండెలోని ఉప్పునీటిని తీసి రెండవదానిలో పోసెను. ఏ నరమును లేని ఆ గుండెయు నెమ్మదించెను! వేగమును హెచ్చించు నరమును ప్రేరేపించి ఆ నీటిని పోయగా రెండవ గుండెయు వడిగా కొట్టుకొనెను. వార్త వచ్చినది తీగవెంట కాదు, నీటిలో. పగటివేళ నిదానముగా ఆలోచించియుండినచో ఈ ప్రయోగమునకు పూనుకొనియే యుండనని ఆయన తరువాత ఒప్పుకొనెను.

1921లో ఈ ఫలితమును ప్రకటింపగా నమ్మనివారే హెచ్చుగా నుండిరి. కొందరు చేసి చూడగా ప్రయోగము ఫలింపలేదు. 1926లో స్వీడనులో శాస్త్రజ్ఞులయెదుట లోవీ దానిని పదునెనిమిది మారులు చేసి చూపవలసివచ్చెను. వేగస్ నరము విడుచు పదార్థము ఎసిటైల్‌కోలిన్ అని క్రమముగా తేలెను. దానిని శరీరమే క్షణములలో విరుగగొట్టుననియు, ఫైసోస్టిగ్మిన్ అను మందు ఆ విరుగుటను ఆపుననియు లోవీ కనుగొనెను. పాత వార్త చెరగనిచో క్రొత్త వార్త తెలియదు గదా! 1934లో మేరీ వాకర్ అను స్కాట్లాండు వైద్యురాలు కండరములు సడలిపోవు వ్యాధిగల రోగికి ఆ మందునే ఇయ్యగా, వ్రాలిన కనురెప్ప కొంతసేపు పైకి లేచెను.

నేడు ఇంజనీరులును ఈ పద్ధతిని పరిశీలించుచున్నారు. మందును రోగమున్న చోటికే చేర్చు అతిసూక్ష్మ యంత్రములు శరీరములో ఒకదానితో నొకటి ఎట్లు మాటలాడుకొనవలెను? రేడియో తరంగములు శరీరమందలి నీటిలో త్వరగా క్షీణించును. కావున అణువులనే దూతలుగా పంపు విధానములపై యువకులు డాక్టరు పట్టములకై పరిశోధించుచున్నారు. వెనుకటి అణువులను తుడిచివేయుట యెట్లన్నది వారికిని చిక్కుసమస్యయే.

1936లో లోవీకి, ఆయన చిరకాల మిత్రుడగు హెన్రీ డేల్‌కు కలిపి నోబెల్ బహుమానము లభించెను. రెండేండ్లు గడువకముందే విపత్తు వచ్చిపడెను. 1938 మార్చిలో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించిన రాత్రియే సాయుధులు ఆయన పడకగదిలో చొరబడి, ఆయనను కారాగారమునకు కొనిపోయిరి. ఇరువురు కుమారులును బందీలైరి. ఆ రాత్రి తన్ను చంపుదురని లోవీ నిశ్చయించుకొనెను. అపుడాయనను బాధించినది, తన కడపటి ప్రయోగఫలితము లోకమునకు తెలియకపోవునేయను చింత. కొన్ని దినములకు ఒక కావలివానిని బతిమాలి పోస్టుకార్డును, కలమును సంపాదించి, ఆ ఫలితమును వ్రాసి ఒక శాస్త్రపత్రికకు పంపించెను. కార్డు పోయిన పిమ్మట ఆయన మనసు తేలికపడెను.

రెండు నెలలకు విడుదలయ్యెను. కాని దేశము విడువవలెనన్న నోబెల్ ధనమును నాజీల అధీనమందలి బ్యాంకునకు వ్రాసి యియ్యవలసివచ్చెను. భార్యను విడిచి ఒంటరిగా బయలుదేరి, ఇంగ్లండు, బెల్జియములలో తలదాచుకొని, 1940లో అమెరికా చేరెను. ప్రయాణమునకు ముందు ఒక వైద్యుడిచ్చిన పత్రములో ఆయన ముసలితనముచే జీవనము సంపాదించుకొనజాలడని వ్రాసియుండెను! రేవులోని అధికారి దానిని పట్టించుకొనక దిగనిచ్చెను. 1941లో భార్యయు వచ్చి కలిసికొనెను. జీవనము సంపాదింపజాలడన్న ఆ వృద్ధుడు న్యూయార్కు విశ్వవిద్యాలయమున పరిశోధకాచార్యుడై పనిచేసి, 1961 డిసెంబరు 25వ తేదీన, తన ఎనుబదియెనిమిదేండ్ల వయసున, ఆ నగరమందే కన్నుమూసెను.