దీప వాళ్ళమ్మ

మన వీధుల్లో ఆడవాళ్ళకి పేర్లుండవు. రాజు వాళ్ళమ్మ, సుజాత వాళ్ళమ్మ... అంతే. పాతికేళ్ళు పక్కపక్కనే కాపురాలున్నా ఆవిడ అసలు పేరేమిటో రేషన్ కార్డు చూస్తే గానీ తెలీదు. ఈ పద్ధతంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళుమంట. అలాంటిది, దేశదేశాల వాళ్ళు ధ్యాన గురువుగా తల్చుకునే ఒకావిడ పేరు కూడా ఇదేనని చదివినప్పుడు మాత్రం ఎందుకో కోపం రాలేదు. ఆవిణ్ణి దీపా మా అంటారు. బెంగాలీలో దీప వాళ్ళమ్మ అనే అర్థం. అసలు పేరు ననీబాలా బారువా.

1911లో చిట్టగాంగ్ ప్రాంతంలో ఓ పల్లెటూళ్ళో పుట్టిందావిడ. ఇప్పుడది బంగ్లాదేశ్. బారువాలు తరతరాలుగా బౌద్ధులు. ఆ పిల్లకి బడికెళ్ళడమంటే ప్రాణం. ఏం లాభం? 12వ ఏట మెళ్ళో పుస్తె పడింది. పెళ్ళికొడుకు రజనీ రంజన్ బారువా, 25 ఏళ్ళ ఇంజనీరు. పెళ్ళయిన వారానికే ఉద్యోగానికి బర్మా వెళ్ళిపోయాడు. ఈ అమ్మాయి రెండేళ్ళు అత్తవారింట్లో ఉండి, 14వ ఏట రంగూన్‌లో కాపురానికి చేరింది.

రంగూన్ మనవాళ్ళకీ కొత్తేం కాదండోయ్. పొట్టకూటి కోసం విశాఖ, కాకినాడ రేవుల్లో ఓడెక్కి 'రంగం' వెళ్ళిన కుటుంబాలు మన కోస్తా జిల్లాల్లో ఎన్ని లేవు!

ఏళ్ళు గడుస్తున్నా కడుపు పండలేదు. ఆ తర్వాత ఏం జరిగి ఉంటుందో మీరు ఊహించగలరు. కొడుక్కి మరో పెళ్ళి చెయ్యాలని అత్తవారివైపు వాళ్ళు ప్రయత్నించారట. ఆయన ఒప్పుకోలేదు. ఆ కాలంలో అలాంటి మగాడు దొరకడం ఆవిడ అదృష్టమనే చెప్పాలి. ఈలోగా ఆవిడ తల్లి చనిపోతే, ఏణ్ణర్ధం పసివాడైన తమ్ముణ్ణి తెచ్చి పెంచింది. చివరికి 35వ ఏట ఆడపిల్ల పుట్టింది. మూడు నెలలకే పోయింది. 1950లో దీప పుట్టింది. తర్వాత కలిగిన మగబిడ్డ పురిట్లోనే దక్కలేదు.

రక్తపోటు, గుండె జబ్బు ఆవిణ్ణి మంచం పట్టించాయి. అటు మంచం మీద భార్యని, ఇటు చంటిపిల్లని సాకుతూ వచ్చిన భర్త 1957లో గుండెపోటుతో హఠాత్తుగా కన్నుమూశాడు. ఆవిడకి 46 ఏళ్ళు. దీపకి ఏడేళ్ళు. పరాయి దేశం.

దిగులుతోనే మనిషి చచ్చిపోవచ్చని మన పెద్దవాళ్ళు అంటుంటారు కదా, ఆవిడ స్థితి దాదాపు అదే. నిద్ర లేదు, తిండి లేదు, నాలుగడుగులు వెయ్యలేదు. అప్పుడు ధ్యానం నేర్చుకోమని సలహా ఇచ్చింది ఏ సాధువో అనుకుంటారేమో. కాదు, వైద్యం చేస్తున్న డాక్టరు.

ఆవిడ ఏం చేసిందో చూడండి. ఉన్నదంతా పక్కింటావిడ చేతిలో పెట్టి, పిల్లని చూడమని చెప్పి రంగూన్‌లోని కమాయుత్ ధ్యాన కేంద్రానికి వెళ్ళిపోయింది. ఏడేళ్ళ పిల్లని వదిలేసి తన శాంతి తను వెతుక్కుంటుందా అని మన వీధి అరుగు మీదైతే ఈపాటికి పంచాయితీ తేలిపోయేది. నేనూ ఇద్దరు పిల్లల తల్లిని. ఆ మాట దగ్గర ఆగి చాలాసేపు ఆలోచించాను. వెళ్ళకపోతే ఆ పిల్లకి తల్లి కూడా మిగిలేది కాదనే నాకనిపిస్తుంది. అది స్వార్థమంటే నేనొప్పుకోను.

తీరా వెళ్తే అక్కడ జరిగిందేమిటి? ఒక కుక్క కాలు పట్టేసింది. విడిపించడమే కష్టమైంది. కుక్కకాటు ఇంజక్షన్లకి ఆస్పత్రి చుట్టూ తిరగడం, ఇల్లు చేరడం... దాంతో మొదటి ప్రయత్నం సరి! ఇంకోళ్ళైతే మనకి రాసిపెట్టి లేదని ఊరుకునేవాళ్ళు. ఆవిడ మాత్రం ఇంట్లోనే చేతనైనంత సాధన చేసుకుంటూ ఉంది. కొంతకాలానికి వాళ్ళకి బాగా తెలిసిన బెంగాలీ బౌద్ధ ఆచార్యుడు అనాగారిక మునీంద్ర, మహాసి సయాడా ధ్యాన కేంద్రానికి ఆవిణ్ణి రమ్మన్నారు.

అక్కడ నేర్పేది వింటే ఇంతేనా అనిపిస్తుంది. కూర్చుని, ఊపిరి పీల్చినప్పుడు పొట్ట పైకి లేవడం, వదిలినప్పుడు కిందికి దిగడం గమనించాలి. మన ప్రాణాయామంలోలాగా బిగబట్టడం, లెక్కపెట్టడం ఉండదు. ఊపిరి దాని మానాన అది నడుస్తుంది, మనం చూస్తూ ఉంటాం. మనసు పాలవాడి బాకీ మీదికో, ఆడపడుచు అన్న మాట మీదికో పరుగెడుతుంది. వెళ్ళిందని తెలుసుకుని, దాన్ని తిట్టకుండా మళ్ళీ పొట్ట దగ్గరికి తెచ్చుకోవాలి. నొప్పి వస్తే నొప్పినీ, ఏడుపు వస్తే ఏడుపునీ అలాగే చూడాలి. నడిచేటప్పుడైతే పాదం లేవడం, ముందుకి సాగడం, నేలకి ఆనడం.

చెప్పినంత తేలిక కాదు సుమా! అన్నం వార్చేలోపు పది ఊపిర్లు వరసగా గమనించి చూడండి. నాకైతే మూడోదానికే కూరలో ఉప్పు గుర్తొస్తుంది.

ఆవిడ మాత్రం అందులో మునిగిపోయింది. కొన్నాళ్ళకి రక్తపోటు దారికొచ్చింది. మెట్లు పాకుతూ ఎక్కిన మనిషి నడిచి ఎక్కింది. పోయిన భర్తా బిడ్డలూ తిరిగి రాలేదు. కానీ ఆ తలపు రాగానే మనిషి కుప్పకూలిపోవడం మాత్రం ఆగింది. ఆవిణ్ణి చూసి సొంత చెల్లెలూ సాధనలో దిగింది. ఆవిడకి ఏవో అతీంద్రియ శక్తులు వచ్చాయని కూడా రాశారు. నాకు వాటిమీద ఆసక్తి లేదు.

1967లో బర్మాలో విదేశీయులు ఉండే వీల్లేని పరిస్థితి వచ్చింది. తల్లీ కూతుళ్ళు కలకత్తా చేరారు. ఉత్తర కలకత్తాలో లోహపు సామాను అరగదీసే షాపు పైన ఒక చిన్న గది. కింద రోజంతా కర్ర్‌మని చప్పుడు. నీళ్ళు మోసుకోవాలి, బొగ్గుల పొయ్యి, చాలా కుటుంబాలకి కలిపి ఒకటే దొడ్డి. ధ్యానానికి హిమాలయాలు కావాలనేవాళ్ళు ఆ గది చూసి ఉండాల్సింది!

ఆ గదికి చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చేవారు. అంతకు ముందు రంగూన్‌లో ఉన్నప్పుడే, ఆరుగురు పిల్లలతో గడప దాటలేని ఒక తల్లికి, చంటివాడికి పాలిచ్చేటప్పుడు వాడు చప్పరించే స్పర్శనే గమనించమని చెప్పిందట. తీరికే లేదన్నవాళ్ళని రోజుకి అయిదు నిమిషాలు కుదురుతుందా అని అడిగేది. బట్టలు మడతపెట్టేటప్పుడూ, వంట చేసేటప్పుడూ, స్నానం చేసేటప్పుడూ చేసే పని మీదే మనసుంచమనేది. మనం ఊపిరి సలపడం లేదండీ అంటామే, ఆ ఊపిరి సలపనివాళ్ళకే ఆవిడ ఊపిరి చూసుకోవడం నేర్పింది. ఏడేళ్ళప్పుడు పక్కింట్లో వదిలి వెళ్ళిన దీప, ఇప్పుడు ఆ గదిలోనే తల్లితో ఉంటూ కాలేజీ చదువు చదువుకుంది.

అమెరికా నుంచి జోసెఫ్ గోల్డ్‌స్టీన్, షారన్ సాల్జ్‌బర్గ్ లాంటి కుర్రవాళ్ళు వెతుక్కుంటూ ఆ మెట్లెక్కారు. తనకంత అర్హత లేదనుకుంటున్న షారన్‌ని, ఇంటికెళ్ళి నేర్పమని 1974లో ప్రోత్సహించింది ఆవిడే. వాళ్ళు మసాచుసెట్స్‌లోని బారీలో ధ్యాన కేంద్రం పెట్టారు. 1980లోనూ, 1984లోనూ తెల్లచీర కట్టుకున్న ఈ బక్కపల్చని మనిషి అక్కడికి వెళ్ళి నేర్పి వచ్చింది. 1979లో జాన్ కబట్-జిన్ అనే ఆయన అదే రాష్ట్రంలోని వైద్య విశ్వవిద్యాలయంలో, మొండి నొప్పులతో బాధపడే రోగులకి ఇలాంటి సాధనే నేర్పడం మొదలుపెట్టాడు. ఇవాళ మన కార్పొరేట్ ఆస్పత్రుల్లోనూ, సెల్‌ఫోన్ యాప్‌లలోనూ మైండ్‌ఫుల్‌నెస్ పేరుతో అమ్ముతున్నది ఈ సరుకే. డబ్బు కట్టే ముందు బొగ్గుల పొయ్యి ఉన్న ఆ గదిని ఒకసారి తల్చుకోండి.

1989 సెప్టెంబరు 1న కలకత్తాలోనే, బుద్ధుడి బొమ్మ ముందు తల నేలకి ఆన్చి నమస్కరించింది. ఎంతసేపటికీ లేవకపోతే చూశారు. ఊపిరి లేదు. ఆవిడకి అప్పటికి 78 ఏళ్ళు.