డాక్టరు రూపాబాయి ఫర్దూంజీ

బడంగ్‌పేట నుండి దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేటల మీదుగా హైదరాబాదు నడిబొడ్డునకు పోవువారు చాదర్‌ఘాట్ వద్ద మూసీనదిని దాటుదురు. ఆ చాదర్‌ఘాట్ ఆసుపత్రికి సూపరింటెండెంటుగా నుండి 1920లో ఉద్యోగవిరమణ చేసిన విదుషీమణి డాక్టరు రూపాబాయి ఫర్దూంజీ. శస్త్రచికిత్సకు మత్తునిచ్చు విద్యలో ఆరితేరిన ప్రపంచపు తొలి మహిళా వైద్యులలో ఆమె యొకరు.

ఆమె పార్శీ వంశమున జన్మించెను. స్త్రీలు గడప దాటుటయే అరుదైన ఆ దినములలో, 1885లో, హైదరాబాదు వైద్య పాఠశాలలో చేరిన ఐదుగురు స్త్రీలలో ఒకరై, 1889లో హకీము పట్టమును పొందెను.

పూర్వము శస్త్రచికిత్స యనిన, రోగిని నలుగురు అదిమి పట్టవలసినదే. క్లోరోఫారము వచ్చి ఆ యాతనను మాన్పెను. కాని ఆ మత్తులోనే కొందరు కన్నుమూయుచుండిరి. మొదట ఆగునది గుండెయా, ఊపిరియా? దీనిని తేల్చుటకై రెసిడెన్సీ వైద్యుడగు ఎడ్వర్డ్ లారీ, ఆరవ నిజాము ప్రోత్సాహమున, 1888, 1889 సంవత్సరములలో రెండు పరిశోధక సంఘములను నడపెను. జంతువులపై జరిగిన ఆ పరీక్షలలో రూపాబాయియు పాల్గొనెను. ఊపిరియే ముందు ఆగునని సంఘము నిర్ణయించెను. కావున మత్తునిచ్చువారు రోగి శ్వాసపై చూపు నిలుపవలెనని లారీ బోధించెను. ఆ బోధ మేలైనదే కాని నిర్ణయము సంపూర్ణము కాదు. క్లోరోఫారము గుండెను సైతము హఠాత్తుగా ఆపగలదని 1911లో లీవీ యను శాస్త్రజ్ఞుడు నిరూపించెను.

1889 మొదలు 1917 వరకు రూపాబాయి హైదరాబాదు ఆసుపత్రులలో మత్తునిచ్చు వైద్యురాలుగా పనిచేసెను. ఇరువదియేండ్ల అనుభవము గడించియు, ఇంకను నేర్వవలసినది కలదని 1909లో ఎడింబరో నగరమునకు పోయి భౌతిక, రసాయన శాస్త్రములను అభ్యసించెను.

నేడు వ్రేలికి తగిలించు పల్స్ ఆక్సీమీటరు రక్తమందలి ఆక్సిజను పాలును, నాడీవేగమును క్షణక్షణము తెలుపుచున్నది. మరియొక యంత్రము రోగి విడుచు ఊపిరిని కొలుచుచున్నది. గుండెను, శ్వాసను ఒక్కసారిగా కనిపెట్టుట సాధ్యమైనది. అయినను యంత్రపు గంట మ్రోగినపుడు, వ్రేలి తొడుగు జారినదో, రోగికి నిజముగా ఊపిరాడకున్నదో తెలిసికొనవలసినది ప్రక్కనున్న నర్సు. ఆమె రోగి పెదవుల రంగును, రొమ్ము కదలికను చూచి గ్రహింపవలెను.

బాలబాలికలారా! సాధనములు మారుచునే యుండును. తప్పని తేలినదానిని దిద్దుకొనుచు, క్రొత్తదానిని నేర్చుకొనుచు, రోగిపై నుండి చూపు మరల్చకుండుటయే సేవాధర్మము. రూపాబాయి జీవితము మనకు తెలుపు సత్యమిదియే.