రోమెల్: సముద్రానికి కట్టిన కంచె

మా చీమకుర్తిలో పెద్దవాళ్ళు యుద్ధకాలం కబుర్లు ఎత్తితే 1942 ఏప్రిల్ 6తో మొదలుపెట్టేవారు. ఆనాడు జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఒంగోలు దాటితే కొత్తపట్నం సముద్రమే గదా, శత్రువు అక్కడ దిగితే ఏం గతి అని వారి దిగులు. ఆ శత్రువు దిగలేదు. కాని దిగేవాణ్ణి ఒడ్డునే ఆపడం ఎలాగన్న ప్రశ్నతో చివరి రోజులు గడిపిన సేనాని ఒకడున్నాడు. ఈ ప్రత్యేక సంచికకు అతని కథే రాస్తున్నాను.

ఎర్విన్ రోమెల్ 1891 నవంబరు 15న జర్మనీలోని హైడెన్‌హైమ్‌లో ఒక ఉపాధ్యాయుని ఇంట పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలోనే పతకాలు పొందాడు. 1941లో ఆఫ్రికా వెళ్ళి ఎడారి నక్క అనిపించుకున్నాడు. మన భారత సైనికులూ అక్కడ అతనితో తలపడ్డారు. 1942 జూన్‌లో టోబ్రుక్ పట్టుకుని ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. నవంబరు వచ్చేసరికి ఎల్ అలమైన్‌లో ఓడి వెనుదిరిగాడు.

1943 చివర అతణ్ణి ఫ్రాన్సు తీరరక్షణ చూడమని పంపారు. గొప్పగా చెప్పుకున్న అట్లాంటిక్ గోడ చాలాచోట్ల కాగితం మీదే ఉంది. శత్రువు విమానబలం ముందు మన ట్యాంకులు కదలలేవు, కనుక మొదటి రోజే నీటి అంచున ఆపాలని అతని వాదం. పై అధికారి రున్‌స్టెట్ ఒప్పుకోలేదు. రోమెల్ తీరమంతా తిరిగాడు. మూడేసి ఉక్కు దూలాలు అడ్డంగా బిగించి ఇసుకలో నిలిపించాడు. కొసన మందుపాతర కట్టిన దుంగలు పాతించాడు. దుంగ దిగగొట్టడం ఆలస్యమవుతుంటే, ఫైరింజను గొట్టంతో నీళ్ళు చిమ్మి ఇసుక తొలిచి నిమిషాల్లో దించేశారు. ఈ ఉపాయం నాకు బాగా నచ్చింది. అయితే ఆ గోడకు చాకిరీ చేసినవారిలో బలవంతాన తెచ్చిన కూలీలు ఎందరో ఉన్నారు. అది మరచి అతణ్ణి పొగడలేను.

1944 ఫిబ్రవరిలో అక్కడే అతను నేతాజీ చొరవతో జర్మనీలో ఏర్పడిన భారతీయ దళాన్నీ తనిఖీ చేశాడు.

మన కొత్తపట్నంలో ఆటుకూ పోటుకూ తేడా మూడు నాలుగు అడుగులు. నార్మండీలో ఇరవై అడుగుల దాకా ఉంటుంది. శత్రువు పోటు మీద వస్తాడనుకుని, ఆ నీటిలో పడవలు చీలేలా అడ్డంకులు పెట్టించాడు. ఆటు వేళకు పనికొచ్చే వరుసలు పూర్తి కాలేదు. ఎదుటివారు విమానాల నుంచి ఫొటోలు తీసి అంతా చూశారు. 1944 జూన్ 6న నీరు బాగా తగ్గి, దుంగలు బయటపడి ఉన్న వేళ చూసి దిగారు. అయినా వాటిని పేల్చబోయిన ఇంజనీరు దళాలు ఒమాహా తీరంలో ఘోరంగా దెబ్బతిన్నాయి. ఆ ఉదయం రోమెల్ భార్య పుట్టినరోజుకని ఇంట్లో ఉన్నాడు.

జూలై 17న విమానదాడిలో గాయపడ్డాడు. మూడు రోజులకు హిట్లర్‌పై హత్యాయత్నం జరిగింది. ఆ కుట్రలో ఇతని పేరూ వినిపించింది. అక్టోబరు 14న ఇద్దరు జనరల్స్ ఇంటికి వచ్చి, విచారణా విషమా తేల్చుకోమన్నారు. విషమైతే కుటుంబం జోలికి రామన్నారు. భార్యకూ, పదిహేనేళ్ళ కొడుక్కూ చెప్పి కారెక్కాడు. గాయాలతో పోయాడని లోకానికి చెప్పి, ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించారు.