బిషప్ అజరయ్య గారు: పరాయివారిని మనవారిగా చేసికొన్న జీవితము

ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర వరంగల్ బస్సు ఎక్కేవారిలోను, మౌలాలి మీదుగా కాజీపేట వైపు పోయే రైలు ఎక్కేవారిలోను మన సంఘస్థులు చాలామంది ఉంటారు. మనలో కొందరి పెద్దలు ఆ దిక్కు నుండే పని వెదకుకొంటూ ఉప్పల్, నాచారం చేరారు. ఆ రైలు దారిలో మానుకోట దాటిన తరువాత వచ్చేది డోర్నకల్. ఆ ఊరి పేరు తలచగానే గుర్తుకు వచ్చే బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారిని గూర్చి ఈ శతవార్షిక సంచికలో నాలుగు మాటలు వ్రాయవలెనని మాకు తోచినది.

ఆయన తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లాలోని వెళ్ళాళన్‌విళై గ్రామములో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం గారు ఆ ఊరి గురువు. వారు నాడార్లు. ఆ కులము ఒకప్పుడు ఎన్నో అవమానములు పడి, చదువు వలనను, సువార్త వలనను తలయెత్తుకొన్నది. ఒక మెట్టు ఎక్కినవారికి క్రింది మెట్టు కనబడకపోవుట మనకు తెలియని సంగతి కాదు. తిరునెల్వేలి సంఘములు పెద్దవి, కలిగినవి. అయినను తమ గుడి, తమ బడి, తమ బంధువులు అనుకొంటూ ఉండిపోయినవి.

అజరయ్య గారు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, 1895 నుండి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతా తిరిగారు. 1898లో అన్బు అమ్మగారిని కట్నము లేకుండా వివాహమాడారు. (ఈ ముక్క మన సంఘములోని పెండ్లికుమారుల తండ్రులు రెండుసార్లు చదివినా నష్టము లేదు.) 1902లో యాఫ్నా వెళ్ళినప్పుడు ఆయనకు కన్ను తెరిపి అయినది. అక్కడి తమిళ క్రైస్తవులు, సంఖ్యలో తక్కువైనను, తమ సొమ్ముతో సముద్రమునకు ఇవతల సేవకులను నిలుపుచున్నారు. తన సంఘము తన కోసమే బ్రదుకుచున్నదని ఆయన సిగ్గుపడ్డారు. మరుసటి సంవత్సరము, 1903లో, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టినది. విదేశ ధనము ఆశింపక, వారు ఎన్నుకొన్న పొలము నైజాము రాజ్యములోని మన తెలుగు పల్లెలు.

ఇతరులను పంపి తాను ఊరకుండుట ఆయన మనస్సునకు పట్టలేదు. 1909లో గురుపట్టము పొంది, పెద్ద ఉద్యోగము వదలి, తామే డోర్నకల్ వచ్చారు. ఇంగ్లీషులో సభలను కదిలించిన మనిషి ముప్పది అయిదేండ్ల వయస్సులో తెలుగు ఓనమాలు దిద్దుకొన్నారు.

1910 జూన్‌లో ఎడిన్‌బరో పట్టణములో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. వేయిమందికి పైగా ప్రతినిధులు రాగా, ఆసియావారు ఇరవైమందికి అటూ ఇటూ. ఆ సభలో నిలిచి అజరయ్య గారు, మిషనరీలు మా కొరకు ఎంతో త్యాగము చేసిన మాట నిజమే, కాని మమ్ములను తమ బల్ల యొద్ద కూర్చుండబెట్టుకొను స్నేహము ఇంకను రాలేదని సౌమ్యముగానే, సూటిగా చెప్పి, స్నేహితులు కావలెనని అడిగారు. కొందరికి కోపము వచ్చినది. కొందరు ఆలోచనలో పడ్డారు.

మా దృష్టిలో ఆయన జీవితమునకు ఇదే కీలకము. తెల్లవారి నుండి ఏది కోరారో, అదే తాము డోర్నకల్ పల్లెలలో ఇవ్వవలసి వచ్చినది. చదువుకొన్న తమిళుడు ఒక వైపు, వెట్టి చేసికొని బ్రదికే మాల మాదిగ కుటుంబములు ఒక వైపు. ఆ దూరము ఎడిన్‌బరో సభలోని దూరము కన్న చిన్నది కాదు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ దేవాలయములో ఆయన బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. ఆ నియామకము వద్దన్నవారిలో ఇంగ్లీషువారే కాదు, మన దేశస్థులును ఉన్నారు. ఆయన మాత్రము అన్బు అమ్మగారితో ఎద్దుబండి మీద ఊరూర తిరిగారు. మాలలు, మాదిగలు ఒకరింట ఒకరు తినని రోజులలో, బాప్తిస్మము పొందినవారందరికి ప్రభు బల్ల ఒకటే, గిన్నె ఒకటేనని పట్టుబట్టారు. ఆ పట్టు పూర్తిగా నెగ్గినదని చెప్పలేము. మన సమాధుల దొడ్లు చూచినవారికి ఆ సంగతి తెలుసు.

1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ కతీడ్రలును చూచినవారు మరువలేరు. గుమ్మటములు, మీనారులు మసీదును, స్తంభముల మండపము కోవెలను తలపించును. చుట్టుప్రక్కలవారి చేతిపనిని గౌరవించిన మనస్సు ఆ రాళ్ళలో ఉన్నది. 1945 జనవరి 1న ఆయన అక్కడనే కన్నుమూశారు. అప్పటికి ఆ అధ్యక్ష మండలములో విశ్వాసులు రెండు లక్షలకు పైగా. ఆయన పాటుపడిన సంఘైక్యత మాత్రము 1947 సెప్టెంబరు 27న గాని నెరవేరలేదు.

ఇది వ్రాస్తూ మేము మా సంగతి దాచుకొనలేము. నాచారం పారిశ్రామికవాడలో పనిచేయుటకు ఒరిస్సా, బీహారుల నుండి వచ్చిన పిల్లలు మా వీధులలో ఒక్కొక్క గదిలో ఆరుగురు ఏడుగురు ఉంటున్నారు. వారిలో కొందరు ఆదివారము వచ్చి వెనుక బెంచీలో కూర్చుంటారు. ఒక ఈస్టరు విందులో మేము మా బంధువులకు బల్లలు వేసి, వారికి ప్యాకెట్లు కట్టి గేటు వద్ద ఇచ్చినాము. ధర్మము చేసినామనే అనుకొన్నాము. ప్యాకెట్లు అందుకొని వారు ఆటో స్టాండు ప్రక్కన నిలబడి తిన్నారని తరువాత తెలిసినది.

ఈ యేడు విందులో బల్లలు కలిపి వేసినాము. మా పెద్దలలో ఇద్దరు ఆ పిల్లల వద్ద ఒడియా పలకరింపులు నేర్చుకొంటున్నారు. వీరి ఉచ్చారణ విని ఆ పిల్లలు నోటికి చేయి అడ్డము పెట్టుకొని నవ్వుతున్నారు, మరల పలికిస్తున్నారు.